గుడ్డకు తగిలిన తీగ

పొద్దున ఆరింటికి, చాంద్రాయణగుట్టలో మా అడ్డా పక్కన చాయ్ హోటలు షట్టరు లేవకముందే నేను వించ్ తాడు విప్పుతాను. డ్రమ్ము మీద అయిదు చుట్లు ఉంచి మిగతాదంతా నేల మీద పరుస్తాను. నిన్నటి మట్టీ జిడ్డూ తుడిచి, చేతికి తోలు గ్లవుజు తొడిగి, పాత లుంగీ ముక్కతో తాడును వదులుగా పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తాను. గుడ్డ ఎక్కడ ఆగితే అక్కడ ఒక తీగ తెగి పైకి లేచినట్టు. కంటికి ఆనని తీగ కూడా గుడ్డకు తగులుతుంది. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టి, చుట్టుపక్కల ఇంకెన్ని తెగాయో చూస్తాను.

తాడంటే ఉక్కు తీగల తాడు. మా తాడులో ఆరు పేటలు, ఒక్కో పేటలో బోలెడు సన్నని తీగలు, నడుమ నార. ఒక తీగ తెగితే కొంప మునగదు. ఒకే పేటలో, ఒక మెలి తిరిగేంత మేరలో మూడు తెగితే మాత్రం ఆ తాడుతో ఇంక బేరం ఒప్పుకోను. తాడు మడత పడి ముడుచుకున్నా, పేటలు విడిపోయి బుట్టలా ఉబ్బినా, తుప్పు తిని సన్నబడినా అంతే.

ఇది నేర్పింది మా ఉస్తాద్. నేను ఉప్పుగూడలో పుట్టి పెరిగినవాణ్ణి. పది తప్పి, 2003లో ఆయన క్రేను మీద క్లీనరుగా చేరాను. "తాడు ఒక్క రాత్రిల తెగదు బేటా. రోజూ చెప్తనే ఉంటది. వినేటోడుండాలె" అనేవాడు. ఆయన తెలుగు అట్లాగే ఉండేది, సగం చార్మినార్, సగం మహబూబ్‌నగర్.

మా బండిని జనం క్రేను అంటారు, టోచన్ బండి అంటారు, రికవరీ వ్యాను అంటారు. మదీనా చౌరస్తాలో నా బండి మలుపు తిరిగిందంటే చాలు, రోడ్డు పక్కన స్కూటర్లు ఆపినవాళ్లు చీర బేరం మధ్యలో వదిలేసి దుకాణాల్లోంచి పరుగెత్తుకొస్తారు. నో పార్కింగ్‌లో ఉన్న బండ్లను ఎత్తుకుపోయే క్రేను అనుకుంటారు. "నేను వాళ్ల మనిషిని గాదన్నా, ఖరాబైన బండ్ల కోసం తిరుగుతా" అని కిటికీలోంచి అరుచుకుంటూ పోవడం నాకు అలవాటే. కోపంగా చూసేవాళ్లతో నాకు ఇబ్బంది లేదు. సాయానికి వచ్చేవాళ్లతోనే భయం.

శాలిబండలోనో హుస్సేనీ ఆలంలోనో కారు ఆగిందంటే నిమిషంలో పదిమంది పోగవుతారు. పాన్ డబ్బా అతను, నమాజు నుంచి వస్తున్న పెద్దాయన, బడి వదిలిన పిల్లలు. ఒకరు బానెట్ ఎత్తుతారు, ఇద్దరు నెడతారు, ఇంకొకరు "హల్లూ, హల్లూ" అంటూ నా బండికి దారి చూపిస్తారు. ఆటో ఆగిపోతే ఇంకో ఆటోవాడు వెనక నుంచి కాలు ఆనించి నెట్టుకుంటూ ఫలక్‌నుమా దాకా దిగబెట్టి వస్తాడు. డబ్బులిస్తానంటే "నక్కో" అంటాడు. పాతబస్తీ మంచితనం అలాంటిది. ఆ మంచితనం వచ్చి తాడు పక్కన నిలబడితేనే నాకు చెమటలు పడతాయి.

ఎందుకో చెప్తాను. నేను చేరిన రెండో ఏడు, అలియాబాద్ దగ్గర ఒక గల్లీలో పైపుల కోసం తవ్విన గుంతలో కారు ముందు చక్రం దిగబడింది. ఉస్తాద్ లివర్ దగ్గర ఉన్నాడు. కొక్కెం తగిలించింది నేను. లాగడానికని కారుకు ఇచ్చిన రింగును వెతికే ఓపిక లేక, చేతికందిన కడ్డీకి తగిలించాను. కొక్కెం నోటికి అడ్డంగా ఉండే నాలుక పూర్తిగా మూసుకోలేదు. అదీ చూడలేదు. తాడు బిగిసింది. దాన్ని దాటబోతున్న ఒక పిల్లవాణ్ణి ఎవరో చొక్కా పట్టి వెనక్కి గుంజారు. అంతలోనే కొక్కెం జారింది. ఈల వేసినట్టు ఒక చప్పుడు. కొక్కెం పోయి, మూసి ఉన్న ఒక దుకాణం షట్టరుకు తగిలింది. రేకు లోపలికి పోయి గిన్నెలా గుంట పడింది. ఆ గుంట సరిగ్గా పిల్లవాడి తల ఎత్తులో ఉంది.

ఉస్తాద్ తిట్టలేదు. ఇంజను ఆపి దిగొచ్చి, నా చెయ్యి పట్టుకుని ఆ గుంటలో పెట్టించాడు. "ఎంత లోతుందో చూస్కో" అన్నాడు. షట్టరు ఖర్చు మాత్రం నా జీతంలో నెలకింత కోసుకున్నాడు.

అప్పటి నుంచి నా బండిలో ఎప్పుడూ రెండు గోనె సంచులుంటాయి. తాడు బిగించే ముందు వాటిని నీళ్లలో తడిపి తాడు నడిమధ్యన వేస్తాను. తాడు తెగినా, కొక్కెం జారినా ఆ తడి బరువు దాన్ని నేల వైపు గుంజుతుంది, గాల్లోకి ఎగరనియ్యదు. ఇక జనం. తాడు ఎంత పొడుగు పరిస్తే అంత దూరంలో ఉండాలి. కానీ మా దగ్గర పొమ్మంటే ఎవరూ పోరు, పని చెప్తే పోతారు. ఇదీ ఉస్తాద్ యుక్తే. పెద్దాయనతో "చాచా, ఆ మలుపు కాడ ఆటోలను మీరే ఆపాలె" అంటాను. కుర్రవాళ్లకు కోన్లు ఇచ్చి గల్లీకి చెరో కొస అప్పజెప్తాను. పిల్లలను అరుగెక్కించి, దిగకుండా నా బండికి ఎన్ని లైట్లున్నాయో లెక్కపెట్టమంటాను. అందరూ సాయం చేసినట్టే ఉంటుంది, తాడు దగ్గర నేనొక్కణ్ణే ఉంటాను.

గల్లీల్లో రెండో గండం నెత్తి మీద ఉంటుంది. చార్‌కమాన్ కట్టించినవాళ్లు అంబారీ ఏనుగును లెక్కలో పెట్టుకున్నారేమో గానీ, ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కిన పెద్ద కారును ఊహించి ఉండరు. కారు ఎక్కించాక టేపుతో నేల నుంచి టాపు దాకా కొలిచి, ఆ అంకె చాక్‌పీసుతో డాష్‌బోర్డు మీద రాసుకుంటాను. కమాన్లకైనా కొలత ఉంది, తీగలకు లేదు. కరెంటువి, కేబుల్‌వి, ఎవరు కట్టారో తెలియనివి, నిన్న ఉన్న ఎత్తులో ఇవాళ ఉండవు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథాన్ని లాగే బండి మొరాయిస్తే చేతులతో లాగారు. రథం కరెంటు తీగకు తగిలి అయిదుగురు పోయారు. లాగే బండి ఆగిపోయినప్పుడు వచ్చే తొందర ఎట్లాంటిదో మా వృత్తిలో ఉన్నవాడికి తెలుసు. అందుకే క్రేను చెయ్యి పైకి లేపుతున్నంతసేపూ నా క్లీనరుకు ఒకటే పని, పైకి చూడటం. కింద ఎవరు పిలిచినా పలకకూడదు. లాల్‌దర్వాజ బోనాలకు, బీబీ కా ఆలం రోజున, బాలాపూర్ గణేశుడు మా రోడ్డు మీదుగా నిమజ్జనానికి కదిలే రోజున ఈ మాట వాడికి మళ్లీ చెప్తాను.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన సంగతి పాతబస్తీలో ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. తర్వాత వారం రోజులు నా పడక బండిలోనే. అల్‌జుబైల్ కాలనీ, హఫీజ్‌బాబానగర్ వైపు కార్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోడలకు ఆనుకుని ఉన్నాయి. వరద తీసిన కారు దగ్గరికి రాగానే ఏ ఓనరైనా మొదట చేసే పని తాళం తిప్పడం. అందుకే నేను పలకరింపు కంటే ముందు "అన్నా, తాళం నాకియ్యి" అనేవాణ్ణి. ఇంజనులో గాలి అణుగుతుంది, నీళ్లు అణగవు. సిలిండరులో నీళ్లుండగా తాళం తిప్పితే పిస్టన్ వాటికి కొట్టుకుని, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. కడిగి ఆరబెడితే పోయేదానికి ఇంజను విప్పాల్సి వస్తుంది.

బురదకూ ఒక లెక్కుంది. చక్రాలు మునిగేదాకా బురదుంటే ఆ బండి బరువంత బలం పెట్టాలి. మడ్‌గార్డు దాకా ఉంటే దానికి రెండింతలు. టన్నున్నర కారే కదా అని చిన్న తాడు వేసినవాడు అక్కడే మోసపోతాడు. మా తాడు తెగే బరువు ఎంతో, అందులో అయిదో వంతే మేం వాడుకోవాలి. చాలకపోతే ఆశ పడకూడదు, కప్పీ వెయ్యాలి. దిగబడిన బండికి కప్పీ కట్టి, తాడును దాని గుండా తిప్పి కొసను మన బండికే తెచ్చి కడితే బలం రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. ఆ వారం నా చేత అందరి తిట్లూ తినిపించింది ఆ సగం వేగమే. "జల్దీ కరో భాయ్" అననివాడు లేడు.

అసలు ఈ వృత్తి పుట్టిందే బురదలో. అమెరికాలో చట్టనూగా అనే ఊళ్లో ఒక కారు వాగులో పడితే, మోకులూ దిమ్మెలతో గంటల తరబడి తీశారట. ఆ తంటాలు పడ్డ ఎర్నెస్ట్ హోమ్స్ అనే గ్యారేజీ ఆయన 1916లో ఒక పాత కాడిలాక్ కారు మీద కంబాలు నిలబెట్టి, గొలుసు, కప్పీ బిగించి మొదటి టోయింగ్ బండి చేశాడు. అదే ఊళ్లో ఇప్పుడు మా వృత్తికి ఒక మ్యూజియం ఉంది. దాని దగ్గర ఒక గోడ మీద, ఇలా బండ్లు లాగుతూ చనిపోయినవాళ్ల పేర్లు చెక్కి పెట్టారు. నేను ఫొటోలోనే చూశాను.

ఆ గోడ గుర్తొచ్చేది గల్లీల్లో కాదు, ఔటర్ రింగ్ రోడ్డు మీద. అక్కడ ఒక్క మనిషి సాయానికి రాడు, వచ్చేదల్లా వేగమే. తుక్కుగూడ దగ్గర రాత్రి రెండింటికి టైరు పగిలిన కారు పక్కన నిలబడితే, దాటిపోయే ప్రతి లారీ గాలికి చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. అక్కడ నా వరస మారదు. నారింజ లైటు వేస్తాను. కారులో వాళ్లను దించి ఇనుప రెయిలింగు అవతల నిలబెడతాను. చలి అన్నా, పాపకు నిద్రొస్తోందన్నా కారులో కూర్చోనివ్వను. వచ్చే బండ్లకు ఎదురుగా నడుస్తూ దూరం దాకా కోన్లు పెట్టుకుంటూ పోతాను. లివర్లు రోడ్డు వైపు నుంచి ముట్టుకోను. లైటు వెలుగుతోంది కాబట్టి చూస్తాడులే అనుకోవడం మా వృత్తిలో చాలా ఖరీదైన నమ్మకం. కారు ఎక్కించి నాలుగు చక్రాలకూ బెల్టులు బిగించాక, రెండు మూడు కిలోమీటర్లు పోయి భద్రమైన చోటు చూసి ఆపి మళ్లీ బిగిస్తాను. కారు కుదుపులకు సర్దుకుంటుంది, బెల్టు వదులవుతుంది. ఆటో గేరు బండ్లనూ, ఎలక్ట్రిక్ కార్లనూ ఇంజనో మోటారో తిప్పే చక్రాలు నేల మీద దొర్లిస్తూ లాగితే గేరుబాక్సో మోటారో పోయే ప్రమాదం ఉంది. వాటికి ఫ్లాట్‌బెడ్డే భద్రం.

తాడు తర్వాత నేను భయపడేది ఆయిలుకు. హైడ్రాలిక్ గొట్టం ఎండకు బీటలిస్తుంది. సూది మొనంత కన్నం పడితే ఆయిలు కనపడనంత సన్నగా చిమ్ముతుంది, ఆ ఒత్తిడికి చర్మం లోపలికి దూరుతుంది. నొప్పి పెద్దగా ఉండదు, అందుకే మోసపోతారు. ఆ చెయ్యి పోయే ప్రమాదం ఉంది, ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పోవాలి. లీకు ఎక్కడుందో వేలితో తడమకుండా అట్టముక్క అడ్డుపెట్టి చూస్తాను. లేపి ఉంచిన బెడ్డు కిందికి, ఇనుప దన్ను పెట్టకుండా తల పెట్టను. ఆయిలు పాలలా తెల్లబడితే అందులో నీళ్లు కలిసినట్టు, మార్చేస్తాను.

వరద తర్వాత నా తాడు పైకి బాగానే కనపడింది. గుడ్డ కూడా ఎక్కడా ఆగలేదు. అయినా అనుమానం తీరక, దబ్బనంతో ఒకచోట పేటలు విడదీసి చూశాను. నడుమ నార నల్లగా కుళ్లి, చుట్టూ లోపలి తీగలు ఎర్రటి పొడి రాలుస్తున్నాయి. వారం రోజుల బురదనీళ్లు నార తాగేసింది. రాణీగంజ్ పోయి కొత్త తాడు తెచ్చాను. ఇప్పుడు నెలకోసారి గుడ్డతో పాటు దబ్బనం కూడా వాడుతున్నాను.

పాత తాడు కొనడానికి జుమ్మెరాత్ బజార్‌లో సామాన్లు అమ్మే ఒకతను అడ్డాకు వచ్చాడు. నేను గ్రైండరు తెచ్చి దాన్ని మూరెడు మూరెడు ముక్కలు కోస్తుంటే లబోదిబోమన్నాడు. కొయ్యకుండా ఇస్తే మంచి రేటొచ్చేదట, ముక్కలైతే తుక్కు తూకమేనట. "బయటికి మస్తుగుంది కదా భాయ్, ఎవరికైనా పనికొచ్చేది" అన్నాడు.

"అందుకే కోస్తున్న" అన్నాను.

అతను ముక్కలు సంచిలో వేసుకుని తూకం వేయించాడు. ఒక్క ముక్క నేనుంచుకున్నాను. కొత్త క్లీనరు ఎవరు చేరినా మొదటి రోజు గ్లవుజు తొడిగించి, దాన్ని వాడి చేతిలో పెట్టి పేటలు విప్పి చూడమంటాను.