టేపు కింద ఏముందో

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో మోటారు సైకిలుకి ఇంజను కన్నా ముందు వైరింగు ముసలిదవుతుంది. ఇంజనుకి ఆయిలుంది, ట్యాంకుకి రంగుంది. రాగి తీగకి ఉన్నదల్లా పల్చటి ప్లాస్టిక్ తొడుగు. అది చిట్లిన చోట ఉప్పు తేమ దూరి అక్కడితో ఆగదు, సన్నటి పోగుల సందుల్లోంచి లోపలికి పాకుతుంది. పైకి తొడుగు నిగనిగలాడుతూనే ఉంటుంది. బ్లేడుతో గీసి చూస్తే జానెడు దూరం దాకా రాగి నల్లబడి ఉంటుంది. దానికి టంకం అంటదు. "ఎర్రటి రాగి కనబడేదాకా కొయ్యాలండి" అంటాడు మా మెకానిక్. కోస్తూ పోతే వైరు పొట్టిదవుతుంది, ఇంకో ముక్క అతకాలి. అతికిన చోట తేమ మళ్ళీ మొదలు.

వరద నీళ్ళది ఇంకో తీరు. 2022 జులైలో గోదావరి పొంగి లంకలు మునిగినప్పుడు బళ్ళూ మునిగాయి. నీళ్ళు తీశాక ఆయిలు మార్చి, ప్లగ్గు తుడిచి, కిక్కు కొడితే స్టార్టవుతాయి. జనం దండం పెట్టుకుని ఊరుకుంటారు. సాకెట్లలో చేరిన ఒండ్రు మాత్రం ఎక్కడికీ పోదు. నెలలు గడిచాక ఓ రోజు హారను మోగదు, అప్పటికి వరద సంగతి ఎవరికీ గుర్తుండదు.

బండి పాతదయ్యేకొద్దీ మెకానిక్ ఇంజను కన్నా రంగులు ఎక్కువ తెలిసినవాడై ఉండాలి. 1980లలో జపాను కంపెనీల పొత్తుతో వంద సీసీ బళ్ళు వరసగా దిగాయి. హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100, సుజుకీ ఏఎక్స్ 100, కవాసాకీ బజాజ్. కోనసీమలో కొబ్బరి గెలలు మోసినవీ అవే, పెళ్ళిళ్ళకి తిరిగినవీ అవే. నాలుగూ జపాను బళ్ళే అయినా వైర్ల రంగుల్లో ఒకదానితో ఒకదానికి పొత్తు లేదు. హోండా పద్ధతిలో ఎర్తు ఆకుపచ్చ. నలుపు అంటే తాళం తిప్పగానే కరెంటొచ్చే వైరు. యమహాలో ఆ నలుపే ఎర్తు. సుజుకీలో ఎర్తు నలుపు మీద తెల్ల గీత, కవాసాకీలో నలుపు మీద పసుపు గీత. కొన్ని పాత ఇంగ్లీషు బళ్ళల్లో బ్యాటరీ పాజిటివే ఎర్తు. హోండా షెడ్డులో పని నేర్చిన కుర్రాడు యమహా పట్టుకుంటే మొదటి వారం ఫ్యూజుల కొట్టువాడికి పండగ.

ఇంజను ఆపే పద్ధతి కూడా అన్నిటికీ ఒకటి కాదు. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్టు లాంటి బండికి నిప్పు బ్యాటరీ నుంచి, పాయింట్ల మీదుగా వస్తుంది. దారిలో వైరు తెగితే స్టార్టు కాదు, అంతే. ఆర్‌ఎక్స్ 100కి నిప్పు బ్యాటరీతో పనిలేకుండా మాగ్నెటు నుంచే వస్తుంది. తాళం చేసే పనల్లా ఒక వైరుని ఎర్తుకి తగిలించి ఇంజను ఆపడం. ఆ వైరు తెగితే బండి ఆగదు, తడిసి ఎర్తుకి అంటితే స్టార్టవదు. శ్రావణ మాసం వానలో నిండా తడిసిన ఆర్‌ఎక్స్‌ని షెడ్డుకి తోసుకొస్తే తెలిసినవాడు ప్లగ్గు జోలికి పోడు. ముందు తాళం వైరు సాకెట్టు ఊడదీసి కిక్కు కొడతాడు. స్టార్టయితే రోగం ఎక్కడో తెలిసినట్టే.

తెలియనిది, వచ్చీ పోయే రోగం. బోడసకుర్రు వంతెన దాకా వెలిగిన హెడ్‌లైటు, దిగి మలుపు తిరగ్గానే ఆరిపోతుంది. షెడ్డులో స్టాండు వేస్తే బుద్ధిగా వెలుగుతుంది. ఇలాంటప్పుడు హ్యాండిలు కుడికీ ఎడమకీ పూర్తిగా తిప్పి చూడాలి. హెడ్‌లైటులోకి వెళ్ళే వైర్ల కట్ట మెడ దగ్గర ఏళ్ళ తరబడి రాసుకుని రాసుకుని, పోగులన్నీ తెగి ఒకటో రెండో మిగులుతాయి. మల్టీమీటరు పెడితే ఆ ఒక్క పోగుతోనే కుయ్ మని కూసి అంతా బాగుందంటుంది. బల్బు వెలగడానికి కావలసిన కరెంటుని ఆ పోగు మొయ్యలేదు. అందుకే పాతకాలం వాళ్ళు ఇండికేటరు బల్బుకి రెండు వైర్లు కట్టిన టెస్టు ల్యాంపు ఇప్పటికీ వదలరు. నా మట్టుకు నాకు మీటరు మాట కన్నా ఆ బల్బు వెలుగు మీదే గురి.

ఫ్యూజు పదేపదే పోతుంటే వాళ్ళు చేసే పని ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఫ్యూజు తీసేసి, ఆ చోట హెడ్‌లైటు బల్బు తగిలిస్తారు. ఎక్కడో షార్టు ఉంటే అది భగ్గున వెలుగుతుంది, వైరు మాత్రం కాలదు. ఇక కట్టని జానెడు జానెడు కదుపుతూ పోవడమే. ఎక్కడ కదిపితే బల్బు మందగించిందో అక్కడ టేపు విప్పాలి. ఒక్క ఫ్యూజూ ఖర్చవదు.

ఎర్తు సంగతి వేరే చెప్పాలి. బల్బు వెలగకపోతే అందరం కరెంటు వచ్చే దారి వెతుకుతాం, అది బ్యాటరీకి తిరిగెళ్ళే దారి ఎవరం చూడం. చాలా బళ్ళల్లో ఆ దారి చట్రమే, చట్రానికి బిగించిన ఒక బోల్టే. పాత ఆరు వోల్టుల బళ్ళకి ఈ బోల్టు ప్రాణం. ముప్ఫై వాట్ల బల్బు ఆరు వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది, పన్నెండు మీద అందులో సగం. బోల్టు కింద తుప్పు ఒక ఓములో ఐదో వంతు అడ్డం పడిందనుకోండి. పన్నెండు వోల్టుల బండిలో బల్బుకి అందే శక్తి పదో వంతు కూడా తగ్గదు, ఆరు వోల్టుల బండిలో నాలుగో వంతు పోతుంది. "పాత బండి, దీపం గుడ్డిదేనండి" అని సరిపెట్టుకుని తిరిగే పెద్దమనుషులు మా వైపు కొల్లలు. ఓ ముక్క గరుకు కాగితంతో పోయే గుడ్డితనం అది.

మా ఇంట్లో ఓ పాత బండి ఉంది, చేతులు మారి మారి వచ్చింది. ఈ మధ్య దాని టేపంతా విప్పించాను. ఒకచోట స్పీకరు వైరు. ఇంకోచోట ఇళ్ళ వైరింగులో వాడే లావుపాటి తీగ. ఒక అతుకు మీద టేపుకి బదులు ఆసుపత్రి ప్లాస్టరు. కంపెనీ వాళ్ళు వేసిన రంగులకీ వీటికీ సంబంధం లేదు, కాని ప్రతి అతుకులోనూ ఒక తొందర కనబడుతుంది. ఒకరు కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి పిల్లల్ని ఎక్కించుకుని వస్తూ ఆగిపోయుంటారు. ఇంకొకరు సఖినేటిపల్లి రేవులో పంటు కదిలిపోతుంటే దొరికిన తీగ చుట్టుంటారు. ఆ పూటకి ఇల్లు చేరితే చాలు, రేపు సరిగ్గా చేయిద్దామనుకునుంటారు. చుట్టింది పనిచేసేసరికి ఆ రేపు రాలేదు. వాళ్ళని తప్పు పట్టబుద్ధి కాలేదు. ఒక్కడి మీద మాత్రం కోపం తగ్గలేదు, పోయిన ఫ్యూజు మీద సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టినవాడు. ఫ్యూజు పోవలసినప్పుడు పోకపోతే కాలేది వైరింగు, పైనున్నది పెట్రోలు ట్యాంకు.

"మొత్తం వైరింగు కిట్టే మార్చేద్దామా?" అనడిగాను. మెకానిక్ ఒప్పుకోలేదు. బజారు కిట్టులో రాగి పల్చనట, సాకెట్లు వదులట. కుళ్ళిన ముక్కలు తీసి మంచివి వేస్తే ఇదే ఇంకా కొన్నేళ్ళు వస్తుందట. రెండు మధ్యాహ్నాలు కూర్చుని అలాగే చేశాడు. లైటు, హారను, ఇండికేటర్లు అన్నీ పనిచేశాయి. చివరికి నీలం వైరొకటి మిగిలింది. ఒక కొస వైర్ల కట్టలో ఉంది, రెండో కొస సీటు కింద దేనికీ తగలకుండా వేలాడుతోంది. టెస్టు ల్యాంపు పెడితే కరెంటు లేదు.

"ఇది దేనిదంటావు?"

"ఆయ్, తెలీదండి. టేపు చుట్టి వదిలేస్తాను. కొన్నాళ్ళు తిప్పండి. ఏదో ఒకటి పనిచెయ్యడం మానేస్తుంది కదా, అప్పుడు తెలుస్తుంది దేనిదో."