రాగిరేకుల్లో రాజమండ్రి

రాజమండ్రి వెళ్లినవాళ్లు పుష్కరాల రేవులో స్నానం చేస్తారు. గోదావరి మీద వంతెనలు చూస్తారు. రోజ్‌మిల్క్ తాగి బండెక్కేస్తారు. అదే గోదావరి గట్టున ఉన్న రాళ్లబండి సుబ్బారావు మ్యూజియంలోకి తొంగిచూసేవాళ్లు తక్కువే!

ఎవరీ సుబ్బారావు? రాజు కాదు, జమీందారూ కాదు. 1922లో ఈ ఊళ్లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టిన చరిత్రాభిమానుల్లో ఒకరు. చిలుకూరి వీరభద్రరావు, భావరాజు వెంకటకృష్ణారావు ఆయన సహచరులు. రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి 900 ఏళ్లు నిండిన ఏడాది అది. ఆ సందర్భంగా ఓ ప్రత్యేక సంచిక వెలువడింది. 1926 నుంచి ఇంగ్లిషులో పరిశోధన పత్రిక నడిపారు. 1930లో కళింగ సంచిక, 1935లో కాకతీయ సంచిక తెచ్చారు.

వాళ్లకు ఆధారం శాసనాలే. తూర్పు చాళుక్యుల తామ్రశాసనమంటే కొన్ని రాగిరేకులు, వాటిని గుచ్చిన కడియం, దానిమీద వరాహ ముద్ర, 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న బిరుదు. ఏ ఊరు ఎవరికిచ్చారో, దాని పొలిమేరలేమిటో అందులోనే ఉంటాయి. పొలం దున్నుతుంటే దొరికే అలాంటి రేకులు పాత రాగి కింద కొలిమికి చేరితే ఒక ఊరి పుట్టుకే కరిగిపోయినట్టు!

ఈసారి రాజమండ్రి వెళ్తే ఓ గంట మ్యూజియానికి కేటాయించండి. పిల్లల్నీ తీసుకెళ్లండి. రేపు మీ పొలంలో రాగిరేకు బయటపడితే అమ్మేయకుండా అధికారులకు చెప్పాలని వాళ్లే గుర్తుచేస్తారు.