ముందు అది కొండచిలువేనా?

"కొండసిలవ పిల్ల సార్" అంటూ డాక్టరుగా నా టేబుల్ ముందుకు వచ్చిన డబ్బాల్లో ఇంతవరకు కొండచిలువ అన్నది లేదు. ఉన్నదల్లా రక్తపింజర.

మా పగిడ్యాల మండలానికి ఒకపక్క కేసీ కెనాల్, ఇంకోపక్క శ్రీశైలం బ్యాక్‌వాటర్. నీళ్లున్న చోట మొక్కజొన్న, వరి. గింజ ఉన్న చోట ఎలుక, ఎలుక ఉన్న చోట పింజర. ఆత్మకూరు దాటితే నల్లమల; కొండచిలువ అసలు కాపురం అక్కడ. వరద కాలంలో అప్పుడప్పుడూ నీళ్ల వెంట ఇటూ వస్తుంది గానీ, చేలో చొప్ప కట్ట కింద దొరికేది అది కాదు.

ఇంటర్ చదివే ఒక పిల్లవాడికి దొరికింది మాత్రం చొప్ప కట్ట కిందే. ఫోన్లో వీడియోలు చూసీ చూసీ, మెడలో కొండచిలువను వేసుకుని తిరగాలని వాడికి ఎన్నాళ్ల కోరికో. దొరికినదాన్ని కట్టెతో తోసి ఖాళీ పెయింటు డబ్బాలో వేశాడు. మూతకు మేకుతో బొక్కలు పొడిచాడు, గాలి ఆడాలి కదా. సాయంత్రం స్నేహితునికి చూపిద్దామని చెయ్యి పెట్టాడు. బొటనవేలి మొదట్లో కాటు.

నా దగ్గరికి వచ్చేసరికి వాపు మణికట్టు దాటింది. పళ్లు దిగిన చోట నెత్తురు తుడిచేకొద్దీ వస్తోంది. డబ్బా వాళ్లమ్మ చేతిలో ఉంది. మూత తీయొద్దని చెప్పి, ఫోన్లో ఫోటో ఉందా అని అడిగాను. ఉంది. వీపు మీద మూడు వరసల్లో గొలుసులా మచ్చలు, ఒక్కొక్క మచ్చకు నల్లటి అంచు. ఇక మూత తీయాల్సిన పనేముంది?

రక్తపింజర విషం నెత్తురు గడ్డకట్టే ఏర్పాటునే పాడుచేస్తుంది. గడ్డకట్టించే పదార్థాల్ని ఒక్కసారిగా రెచ్చగొట్టి, ఉన్నదంతా ఖర్చు చేయించేస్తుంది. ఆ తర్వాత ఒంట్లో ఎక్కడ నెత్తురు కారినా ఆపే సరుకు మిగలదు. మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. దీన్ని పట్టుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. కొత్త, పొడి గాజు ట్యూబు ఒకటి చాలు. అందులో 2 మిల్లీలీటర్ల నెత్తురు పోసి, 20 నిమిషాలు కదిలించకుండా నిలబెట్టాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గాజే ఎందుకంటే, గాజు తగిలితేనే నెత్తురుకు గడ్డకట్టే ప్రేరణ వస్తుంది. ప్లాస్టిక్ ట్యూబు వాడినా, సబ్బుతో కడిగిన గాజు వాడినా పరీక్ష అబద్ధం చెబుతుంది. నా దగ్గర ఈ ట్యూబుల పెట్టెను ఇంకే పనికీ ముట్టుకోనివ్వను. కాంపౌండరు ఒకసారి దాన్లో పెన్నులు పెడితే ఆరోజు వానికి మూడింది.

ఆ 20 నిమిషాలూ వాళ్లమ్మ గోడ గడియారాన్నే చూస్తోంది. బల్ల కింద పెట్టిన డబ్బాలోంచి బుస ప్రెషర్ కుక్కర్ ఆవిరిలాగా ఆగి ఆగి వస్తోంది. పిల్లవాడు నీరసంగానే ఒక మాటన్నాడు. "మెత్తగా ఉంటదనుకుంటి సార్. పట్టుకుంటే గరుకుగా ఉండె." నెత్తురు చూడకుండానే రోగం చెప్పగలిగిన మాట అది. కొండచిలువ పొలుసు నున్నగా ఉంటుంది, నిగనిగలాడుతుంది. రక్తపింజర పొలుసు ఒక్కొక్కదాని మధ్యలో గీతలాంటి మిట్ట ఉంటుంది, చేతికి గరుకు తగులుతుంది. కాకపోతే చెయ్యి పెట్టి తెలుసుకోవాల్సిన తేడా కాదిది.

ట్యూబు వంచాను. నెత్తురు అంచుదాకా జారింది.

పాము విషానికి విరుగుడు మందు 10 వయల్స్ సెలైన్లో కలిపి, గంటలో పూర్తయ్యేలా మొదలుపెట్టాం. పక్కనే అడ్రినలిన్ సిరంజిలో నింపి పెట్టుకున్నాం, ఎందుకో తర్వాత చెబుతాను. ఆ మందు పోతుండగానే 108లో కర్నూలు పెద్దాసుపత్రికి పంపాను. అక్కడ 6 గంటలకొకసారి మళ్లీ అదే గాజు ట్యూబు పరీక్ష. మూత్రం తగ్గితే డయాలసిస్ కూడా చేశారు. బతికాడు. బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా ముడవలేడు.

ఈ రెండు పాములను కలగాపులగం చేసుకోవడం మన పల్లెల్లో కొత్తగా పుట్టిన తప్పు కాదు. ఈస్టిండియా కంపెనీ దగ్గర పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో ఉండి తెలుగు దేశపు పాములను పోగుచేశాడు. 1796లో వేసిన తన పుస్తకంలో రక్తపింజరను 'కటుక రేకుల పొడ' అనీ, కొండచిలువను 'పెద్ద పొడ' అనీ, ఇక్కడివాళ్లు చెప్పినట్టే రాసుకున్నాడు; రెంటికీ 'పొడ' పేరే. ఏది విషప్పాము, ఏది కాదు అని తేల్చడమే ఆయన పట్టుదల. రక్తపింజరకు ఇంగ్లీషులో ఆయన పేరే నిలిచింది.

తేడా దూరం నుంచే చెప్పొచ్చు. నేను మా ఊరి పిల్లలకు కొలతతో మొదలుపెడతాను. కొండచిలువ గుడ్లు పెడుతుంది, తల్లి చుట్టలు చుట్టుకుని ఒళ్లు అదిరించి మరీ పొదుగుతుంది. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లే మూరెడు దాటి ఉంటుంది. రక్తపింజర నేరుగా పిల్లల్నే కంటుంది, ఒక్కో కాన్పులో డజన్ల కొద్దీ. వేసవి చివర, తొలకరి ముందు. ఆ పిల్ల జానెడు. కాబట్టి మచ్చల పాము జానెడు పొడవుంటే అది కొండచిలువ పిల్ల అయ్యే ప్రశ్నే లేదు. జానెడుదే అయినా విషానికి తక్కువేం లేదు. పెద్దదైతే మచ్చలు చూడాలి. కొండచిలువకు అవి వంకరటింకరగా, ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి, తల మీద ఈటె మొన లాంటి గుర్తు ఉంటుంది. రక్తపింజర మచ్చలు మాత్రం పేర్చినట్టు ఉంటాయి. అయినా అనుమానమొస్తే? రెండడుగులు వెనక్కి వేయడమే. పామును ఆస్పత్రికి తేవాల్సిన అవసరం ఎప్పుడూ లేదు. ఫోటో దొరికితే మంచిదే, దొరక్కపోయినా లక్షణాలను బట్టి వైద్యం చేస్తాం.

నిజం కొండచిలువ కాటు కూడా చూశాను. బ్యాక్‌వాటర్లో వల వేసే ఒకాయనకు చేపలతో పాటు కొండచిలువ చిక్కింది. వల కోసి విడిపిద్దామంటే ముంజేయి పట్టేసింది. దాని పళ్లు సూదుల్లా సన్నం, లోపలికి వంగి ఉంటాయి. పట్టుకున్నప్పుడు చెయ్యి లాక్కుంటే చర్మం చీరుకుపోతుంది. ఆయన లాగాడు. ఎవరైనా లాగుతారు. చూడ్డానికి భయంకరంగా ఉంది, ముంజేయంతా గీతలు, నెత్తురు. వెంట వచ్చిన పదిమందీ "పాము ఇంజక్షన్ వెయ్ సార్" అని ఒకటే గోల.

వేయలేదు. కొండచిలువకు విషమే లేదు. పాము విషానికి ఇచ్చే మందు గుర్రాల నెత్తురు నుంచి తయారవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికే అది పనిచేస్తుంది. గుర్రపు ప్రోటీను కొందరి ఒంటికి పడదు. నిమిషాల్లో బీపీ పడిపోయి, ఊపిరాడక ప్రాణం మీదికి రావచ్చు. అడ్రినలిన్ పక్కన పెట్టుకునేది అందుకే. అవసరమున్న మనిషికి ఆ ప్రమాదం పెట్టుకోవాల్సిందే, అవసరం లేనివాడికి ఎందుకు? గాయం సబ్బునీళ్లతో బాగా కడిగాం. భూతద్దం పెట్టి వెతికితే విరిగిన పన్ను ఒకటి దొరికింది, తీసేశాం. టీటీ ఇంజక్షన్, యాంటీబయాటిక్. మీరు నమ్మనప్పుడు నా మాట కన్నా గాజు ట్యూబు మేలని 20 నిమిషాలు అందరినీ కూర్చోబెట్టాను. వంచితే నెత్తురు కదల్లేదు. అప్పుడు గానీ లేచి టీకి పోలేదు.

ఆ వలలోని కొండచిలువను ఇంటికి తీసుకుపోయి పెంచుకోవచ్చా అంటే, కుదరదు. మన కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. పులి ఉన్న జాబితానే. పట్టుకున్నా, చంపినా, దగ్గర పెట్టుకున్నా కనీసం మూడేళ్ల జైలు. చొప్ప కట్ట కింద దొరికింది నిజంగా కొండచిలువే అయినా మా ఇంటర్ పిల్లవాడు డబ్బాలో వేసింది నేరమే అయ్యేది. అటవీశాఖకు ఫోన్ చేస్తే వచ్చి తీసుకుపోతారు.

ఇంత తెలిసీ పెంచుకుంటానన్నవాడు ఒకడు ఉన్నాడు. మా ఊరివాడే, బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ల నాయనకు బీపీ చూపించడానికి తెచ్చి, చీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగాడు. "సార్, మొదటిసారి పెంచేవానికి ఏ పైథాన్ బాగుంటది?" వాళ్ల నాయన నా మొహం చూశాడు, దీనికీ ఏదైనా బిళ్ల రాస్తానేమో అన్నట్టు.

వాడు అడిగింది బాల్ పైథాన్ గురించి. పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. భయపడితే ఉండలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. మామూలుగా మూడు నుంచి ఐదడుగులకు మించదు, ఆడదాని కన్నా మగది చిన్నది. బర్మా కొండచిలువ లాంటిది పిల్లప్పుడు ముద్దుగా కొని, పెరిగాక భరించలేక వదిలేస్తే ఏమవుతుందో ఫ్లోరిడా చిత్తడి నేలలను చూస్తే తెలుస్తుంది. అక్కడి కుందేళ్లూ రకూన్లూ దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కాబట్టి జాతి మటుకు వాడు సరైనదే ఎంచుకున్నాడు. నాకు పేచీ మిగతా వాటితోనే.

ఒకటి, వయసు. సరిగ్గా చూసుకుంటే బాల్ పైథాన్ ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. అమెరికాలో సెయింట్ లూయిస్ జూలో 2020లో గుడ్లు పెట్టిన ఒకదాని వయసు కనీసం 62 ఏళ్లని లెక్కగట్టారు. "నీకు ఇంకా పెళ్లి కాలేదు కదా" అన్నాను. ఆ మాటకు వాళ్ల నాయన మొదటిసారి నవ్వాడు.

రెండోది ఎండ. ఈ పాముల మీద రాసినవాళ్లంతా చలిదేశాలవాళ్లు. పెట్టెకు ఒక మూల 31, 32 డిగ్రీలు, ఇంకో మూల 26 డిగ్రీల లోపు ఉంచమంటారు. దానికి హీటర్లు, దీపాలు, థర్మోస్టాట్లు. మా నంద్యాల జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 45 దగ్గరికి పోతుంది, మధ్యాహ్నం కరెంటు పోతుంది. ఇక్కడ వెచ్చని మూల ఎవడైనా ఇస్తాడు, చల్లని మూల ఎక్కడి నుంచి తెస్తావు? సెలవుకు ఊరికి వచ్చినప్పుడు దాన్ని రేకుల ఇంట్లో పెడితే ఒక్క పగలు చాలు.

మూడోది నేను నేరుగా చూసింది. నంద్యాలలో మాకు తెలిసినవాళ్ల ఇంట్లో ఏడాది నిండని పాపకు జ్వరం, నెత్తురు విరేచనాలు. మలపరీక్షలో సాల్మొనెల్లా వచ్చింది. మాటల్లో తెలిసింది, పాప మేనమామ గదిలో బాల్ పైథాన్ ఉందని, దాని నీళ్ల గిన్నె వంటింటి సింకులోనే కడుగుతున్నారని. క్రిమి పాము నుంచే వచ్చిందని రుజువు చేయలేను, కోడిగుడ్డు నుంచీ రావచ్చు. కానీ పాములు, తాబేళ్లు పైకి ఏ రోగమూ లేకుండానే దాన్ని మోస్తుంటాయి. ఐదేళ్ల లోపు పిల్లలు, ముసలివాళ్లు, షుగరుతోనో కీమోతోనో నీరసించినవాళ్లు ఉన్న ఇంట్లో ఈ సరదా వద్దనే అంటాను. ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి, గిన్నెలు బయటే కడగాలి. పాప తేరుకుంది. మేనమామ మాత్రం నిద్ర పట్టడం లేదని వచ్చాడు. పాము రెండు నెలలుగా ఎలుకను ముట్టడం లేదట. బాల్ పైథాన్‌కు ఇది మామూలే. బరువు తగ్గనంతవరకు నెలల తరబడి ఉపవాసం ఉన్నా ఏమీ కాదు. పాము నిశ్చింతగా ఉంది, ఇతనికేమో గుండెదడ.

అందుకే మా సాఫ్ట్‌వేర్ కుర్రాడికి మందుల చీటీ వెనకే నాలుగు మాటలు రాసిచ్చాను. అడవిలో పట్టింది కాకుండా ఇక్కడ గుడ్డు నుంచి పుట్టిందే కావాలని అడుగు. పట్టుకొచ్చినవాటికి పేలు, పురుగులు ఉంటాయి, తిండికీ మొండికేస్తాయి. నీ కళ్లముందు చచ్చిన ఎలుకను తిన్నదాన్నే తీసుకో. బతికున్న ఎలుక పామునే కొరుకుతుంది. తల వణుకుతుంటే రంగు ఎంత బాగున్నా వద్దను. స్పైడర్ అని అమ్మే రకానికి లోపలి చెవిలోనే పుట్టుకతో లోపం, వెల్లకిలా పడి ఏది పైనో తెలియక కొట్టుకుంటుంది. దాన్ని ముద్దుగా చూపించే వీడియోలు చూస్తే నాకు ఫిట్స్ రోగి గుర్తొస్తాడు. చివరిది కాగితం. విదేశీ జాతి గనక ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో నమోదు ఉండాలి. 2022 వన్యప్రాణి చట్ట సవరణ, 2024 నియమాల తర్వాత అది తప్పనిసరి. బ్యాంకాక్ నుంచి బ్యాగుల్లో కుక్కుకొచ్చి చెన్నై విమానాశ్రయంలో పట్టుబడుతున్నవి ఈ పాములే. వాటిలో దొరక్కుండా బయటపడ్డదాన్ని నీకు అంటగట్టరని నమ్మకమేంటి?

పండగకు వచ్చినప్పుడు వాళ్ల నాయన చెప్పాడు. బెంగుళూరు అమ్మకందారు రంగులు, ధరలు, ఫోటోలు అన్నీ పంపాడట. నమోదు నంబరు అడిగిన రోజు నుంచి ఫోన్ ఎత్తడం లేదట. "ఇంగొగాన్ని వెతుకుతాండాడు సార్" అన్నాడాయన, చొక్కా చెయ్యి పైకి మడిచి బీపీ పట్టీకి చెయ్యి ముందుకు చాపుతూ.