కోలుకున్నవారి లెక్కలో మావయ్య

2021 మేలో బ్లాక్ ఫంగస్ వార్తలు రాస్తూనే, ఆంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్ల కోసం హైదరాబాద్‌లో మందుల షాపుల చుట్టూ తిరిగాను. కొవిడ్ తగ్గిన పది రోజులకు మావయ్యకు ఎడమ చెంప మొద్దుబారింది, కన్ను వాచింది. అసలే షుగర్, దానికి తోడు స్టెరాయిడ్లు. మ్యూకార్‌మైకోసిస్ అన్నారు డాక్టర్లు. ప్రాణం దక్కించడానికి ఎడమ కన్ను, పైదవడలో సగం తీసేశారు.

ఆ జూలైలో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క: 45,000కు పైగా కేసులు, 4,300కు పైగా మరణాలు. నేనూ అదే రాశాను. బతికినవాళ్లు ఎలా ఉన్నారన్న ప్రశ్న నాకు తట్టలేదు.

దానికి జవాబు ఇంట్లోనే దొరికింది. అంగిలి లేక మావయ్య తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. ఫోన్‌లో మాట్లాడితే సొంతవాళ్లే "ఎవరండీ?" అనేవారు. కొన్ని నెలలకు కృత్రిమ అంగిలి అమర్చాక పప్పన్నం మెత్తగా కలుపుకుని తినగలిగారు.

మా చెల్లెలి పెళ్లికి పిలిస్తే, "వస్తానురా, భోజనానికి మాత్రం కూచోను" అన్నారు. ఆయనకు లోపలి గదిలో విడిగా వడ్డించబోతే అత్తయ్య ఒప్పుకోలేదు. బంతిలో తన పక్కనే కూచోబెట్టుకుంది. మెతుకులు జారితే రుమాలు అందించింది. ఆయన పెరుగన్నం దాకా తిన్నారు.

మావయ్య కోలుకున్నారని నేను నమ్మింది ఆ రోజే.