రేవులో లెక్క

మా నంది కొండలను, వాటి చుట్టుపక్కల గుట్టలను ఏళ్ళ పుట్టిల్లు అంటారు. పెన్న, పాలారు, పాపఘ్ని, చిత్రావతి, అర్కావతి, దక్షిణ పినాకిని, అన్నీ ఈ పక్కవే. అయినా మావాళ్ళకు పడవ తెలియదు. పుట్టినచోట ఏరంటే వానొస్తే పారే వంక. ఆడబిడ్డను అత్తగారింటికి పంపినట్టు నీళ్ళను కిందికి పంపడమే మేమెరిగినది. అందుకే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పక్క జనం యాత్రకు పోయి నిండు నదిని చూస్తే చాలు, పడవెక్కాలని తొందరపడతారు. అందులో ఈత వచ్చినవాళ్ళు తక్కువ. నా దిగులు అదే.

మా అర్కావతి కనకపుర దగ్గర సంగమంలో కావేరిలో కలుస్తుంది. ఆ కావేరి కిందికి పోయి హొగెనకల్‌లో దూకుతుంది. అక్కడ జనాన్ని తిప్పేవి పుట్టిలు. కన్నడంలో హరిగోలు అంటారు. ఒక పెద్దాయనను అడిగినాను: "మోటారు లేనిదే కదా అన్నా, దీనికి ఇన్ని కట్టుబాట్లెందుకు?" ఆయన తెడ్డు ఆపకుండానే, "దీనికి లేదు సామీ, ఏటికి ఉంది కదా" అన్నాడు.

బిలిగుండ్లు దగ్గర కొలిచే ప్రవాహం బాగా పెరిగితే ధర్మపురి జిల్లా అధికారులు పుట్టిలను ఆపేస్తారు. అంత దూరం వచ్చినవాళ్ళు సణుక్కుంటారు. పుట్టి మీద బతికేవాళ్ళకు ఆ పూట కూలి పోతుంది. అయినా ఆపాల్సిందే. నది మీద కట్టుబాటు పనిచేసేది తాడు విప్పకముందే. నడి నీళ్ళలోకి పోయినాక ఏ చట్టమూ చెయ్యి అందివ్వలేదు.

1917 నాటి చట్టం యంత్రంతో నడిచే నావలనే పట్టించుకునింది. పుట్టి, తెప్ప దాని కంటికి ఆనలేదు. దాని స్థానంలో వచ్చిన 2021 నాటి చట్టం మోటారు పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషన్, బీమా తప్పనిసరి చేసింది. మోటారు లేనివాటినీ పేరు నమోదులోకి తెచ్చింది. వాటి బాధ్యతను రాష్ట్రాలు పంచాయతీలకూ పురసభలకూ అప్పగించవచ్చునంది. అంటే రేవులో నిలబడి తలలు లెక్కపెట్టేవాడు మన ఊరివాడే కావచ్చు.

ఆ లెక్క తప్పితే ఏమవుతుందో చూసినాము. 2017 నవంబరు 12న, కార్తీకమాసంలో, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ తిరగబడి 20 మందికి పైగా పోయినారు. ఎక్కువమంది ఒంగోలునుంచి వచ్చినవాళ్ళు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు పోతున్న పడవ వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగింది. 26 మందే బతికి బయటపడినారు. ధర్మాడి సత్యం బృందం తాళ్ళతో ఆ పడవను పైకి లాగేటప్పటికి అక్టోబరు 22 వచ్చింది. 2023 మే 7న కేరళలోని తానూరులో మరో పడవ 22 మందిని పొట్టన పెట్టుకునింది. ఈ మూడూ ఆదివారాలే. తిథి దోషం కాదది. సెలవు దినాన జనమెక్కువ, బేరమెక్కువ, వద్దని చెప్పే నోరు తక్కువ. ఎక్కేవాళ్ళు చాలావరకు ఆ నది నైజం ఎరగని పరాయి ఊరివాళ్ళు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా చెరువుల సంగతి మారింది. బెంగళూరు వాడుకునిన నీళ్ళను శుద్ధి చేసి హెబ్బాళ–నాగవార పథకం కింద మా జిల్లా చెరువులకు వదులుతున్నారు. నంది కొండకు ఆదివారం ఎంత జనం వస్తారో చెప్పక్కరలేదు. నీళ్ళు, జనం ఒకచోట చేరితే మూడోది పడవే. రానీ, వద్దనను. నాలుగు ఇళ్ళలో పొయ్యి వెలుగుతుంది. కానీ పడవకంటే ముందు గట్టు మీదికి ఒక పలక రావాలి: ఎందరు ఎక్కవచ్చు, తేలే చొక్కా లేనిదే ఎవరినీ ఎక్కించరాదు, గాలి లేస్తే ఎవరు ఆపాలి. దాన్ని కన్నడంలోనూ రాయాలి, మన తెలుగులోనూ రాయాలి. మా అవ్వలాంటివాళ్ళకు చదువు రాదు కనుక, పక్కన నిలబడి చదివి చెప్పే మనిషి కూడా ఒకడు కావాలి.