ఊబకాయం - ఒక్క తిండి తప్పేనా?



ఒళ్లు రావడమంటే కలిగినవాళ్ల సంగతని మన వాడల్లో అనుకునేవాళ్లం. ఆ రోజులు పోయాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు, ఊబకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. దేశం మొత్తం మీద 24 శాతమే. వీరిలో మన అమ్మలూ ఉన్నారు.

మా అమ్మ ఇరవై ఏళ్లు నాట్లు వేసింది. మోకాళ్లు అరిగాక కుట్టుమిషను ముందు కూర్చుంది. ఒళ్లు వచ్చింది, వెనకే షుగరూ వచ్చింది. ఆసుపత్రిలో పదిమంది ముందు "తిని కూర్చుంటే రాదా మరి" అన్నారు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన అన్నం, పచ్చిపులుసు తినే మనిషి తలవంచుకుంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. ఆ మాటకు జవాబు మేము చెప్పాలి.

మొదటి కారణం, పని మారింది. దంచడం, విసరడం, నీళ్లు మోయడం పోయాయి. అన్నం ముద్ద మాత్రం అంతే ఉంది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం మన ఆకలి తీర్చింది, ఆ మేలు మరువలేం. కానీ కాలక్రమంలో జొన్న, సజ్జ, రాగి కంచంలోంచి జారిపోయాయి. పప్పు, గుడ్డు, పండు కొనలేని చేతికి బజ్జీ, చక్కెర టీ సులువుగా అందుతాయి. గ్రాము పిండిపదార్థంలో 4 కేలరీలుంటే, గ్రాము నూనెలో 9.

రెండవది మరీ లోతైనది. పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పుట్టిన బిడ్డలను కొలిచి చూసింది. బరువు తక్కువే, కండ తక్కువే, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. కడుపులో అర్ధాకలితో పెరిగిన బిడ్డకు పెద్దయ్యాక షుగరు, గుండెజబ్బు ముప్పు ఎక్కువ. అంటే నిన్నటి ఆకలే నేటి జబ్బుకు దారి తీయవచ్చు.

వంశపారంపర్యం, థైరాయిడ్ లోపం, స్టెరాయిడ్ల వంటి కొన్ని మందులు, నిద్రలేమి, దిగులు కూడా కారణాలే. ఒక్క మనిషిలోనే ఇవి నాలుగైదు కలిసి ఉండవచ్చు.

బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగించండి. భారతీయులకు 23 వస్తే అధిక బరువు, 25 వస్తే ఊబకాయం. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

మన హాస్టల్లో లావుగా ఉన్న తమ్ముణ్ణి "గున్న" అని పిలవకండి. సాయంత్రం ఆటకు పిలవండి. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మ నడుము టేపుతో కొలిచి, బీపీ, షుగరు పరీక్ష చేయించండి. గిన్నెలో పప్పు అడుగంటకముందే ఆమెనూ మీతోపాటు కూర్చోబెట్టండి.