కనుమ వెళ్లాక మిగిలే అరిసెలు

సంక్రాంతి వెళ్లిపోతుంది, అరిసెల డబ్బా మాత్రం ఉండిపోతుంది. అసలు చిక్కు అక్కడే. పండగ మూడు రోజుల తిండి అందరికీ గుర్తుంటుంది. ఆ తర్వాత రెండు వారాలపాటు టీ తాగినప్పుడల్లా నోట్లో పడే అరిసె, పక్కన నాలుగు జంతికలు మాత్రం ఎవరి లెక్కలోకీ రావు.

అరిసె చేయడం దగ్గరుండి చూసినవాళ్లకి సంగతి తెలుసు. తడి బియ్యప్పిండి, బెల్లం పాకం, నువ్వులు, ఆపైన కాగే నూనె. తీసీ తీయగానే చెక్కల మధ్య పెట్టి నొక్కుతారు, నూనె కారుతుంది. కారినంత కారగా లోపల ఉండాల్సింది ఉండనే ఉంటుంది! గ్రాము నూనెకి 9 కేలరీలు, బెల్లానికి సుమారు 4.

అమెరికాలో 195 మందిని గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఏడాది చివరి పండగల్లో సగటున పెరిగిన బరువు 0.37 కిలోలే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అది వేసవి వచ్చినా దిగలేదు.

బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ పరిశోధకులు మరో ప్రయోగం చేశారు, 2018లో ఫలితాలు వచ్చాయి. క్రిస్మస్ రోజుల్లో వారానికి కనీసం రెండుసార్లు బరువు చూసుకోమన్నారు. ఏది తింటే ఎంత నడవాలో చెప్పే పట్టిక కూడా ఇచ్చారు. ఉత్త కరపత్రం అందుకున్నవాళ్ల కంటే వీళ్లు సగటున దాదాపు అర కిలో తక్కువ తూగారు.

అరిసెలు మానెయ్యమంటే వినేవాళ్లెవరు? కనుమ మర్నాడే సగం డబ్బా ఇరుగుపొరుగుకి పంచెయ్యండి. మిగతాది టీవీ ముందు నుంచి తీసి, స్టూలెక్కితే తప్ప అందని అరలో పెట్టండి.